చిన్నప్పటి మారియో ఇప్పుడెందుకు ఇంత స్పీడుగా ఉన్నాడు? పిల్లాడికి ఏ వెర్షన్ పెట్టాలి?

కావలి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. "1997 ప్రాంతంలో పసుపు క్యాసెట్ మీద సూపర్ మారియో ఆడి, ఆఖరి కోట దాకా వెళ్ళినవాణ్ణి. ఈ మధ్య మా బావమరిది దుబాయ్ నుంచి నింటెండో స్విచ్ గేమ్ మెషీన్ తెచ్చాడు. తొమ్మిదేళ్ళ మా వాడికి చూపిద్దామని అదే గేమ్ పెట్టి మొదటి లెవెల్ 1-1లోనే మూడుసార్లు చచ్చాను, వాడు నవ్వాడు. మారియో స్పీడుగా పరిగెత్తుతున్నాడు, పాట కూడా తొందర తొందరగా పోతోంది. నాకు వయసైపోయిందా, గేమే మారిందా? వాడికి ఏ వెర్షన్ పెడితే మంచిది?"

వయసు సంగతి పక్కన పెట్టండి సార్. మీ వేళ్ళకి తెలిసిందే నిజం. మనం ఆడిన మారియో నిజంగానే నిదానంగా పరిగెత్తేవాడు. ఆరు అడుగులు వేయాల్సిన చోట ఐదే వేసేవాడు. స్విచ్‌లో మీరు చూసింది జపాన్ వాళ్ళు 1985లో తయారుచేసిన అసలు స్పీడు. మీకు గుర్తున్నదే నకలు.

నేను ఒంగోల్లో పెట్టె టీవీలు రిపేరు చేసేవాణ్ణి. ఆ టీవీలు పోయాక పాత గేమ్ మెషీన్లు బాగుచేసే పనిలో పడ్డాను. కడుపు నిండే పని కాదులెండి, సరదా. అందుకని కొంచెం వివరంగా చెప్తాను, ఓపికుంటే చదవండి.

సూపర్ మారియో బ్రదర్స్ జపాన్‌లో నింటెండో కంపెనీ గేమ్ మెషీన్ ఫామికామ్ మీద 1985 సెప్టెంబర్ 13న వచ్చింది. అమెరికాలో అదే మెషీన్‌ని ఎన్‌ఈఎస్ అన్నారు. ఆ రెండు దేశాల్లో టీవీ సెకనుకి 60 సార్లు బొమ్మ గీస్తుంది. మన దూరదర్శన్ టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకి 50 సార్లే. ఆ కాలపు గేముల్లో గడియారం అంటూ వేరే ఉండదు, టీవీ బొమ్మే గడియారం. ఒక్కో బొమ్మకి మారియో ఇంత జరగాలి, గూంబా (ఎదురొచ్చే పుట్టగొడుగు లాంటి శత్రువు) ఇంత జరగాలి, పాటలో స్వరం ఇంతసేపు మోగాలి అని రాసి ఉంటుంది. అదే కోడ్‌ని 50 బొమ్మల మెషీన్‌లో పెడితే మారియో, శత్రువులు, పాట, టైము అన్నీ కలిసి నెమ్మదిస్తాయి. అన్నీ ఒకే లెక్కన తగ్గాయి కాబట్టి మనకెవరికీ అనుమానం రాలేదు. పోల్చి చూసుకోడానికి అసలుది చూసినవాడెవడున్నాడు మన ఊళ్ళో?

టైము లెక్కలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. పైన కుడివైపు 400 నుంచి తగ్గే అంకె ఉంటుంది కదా, అవి సెకన్లు కావు. 24 బొమ్మలకి ఒక అంకె తగ్గుతుంది. జపాన్ టీవీ మీద 400 అంటే 160 సెకన్లు. మన టీవీ మీద అదే 400 అయిపోడానికి 192 సెకన్లు పట్టేది. 8-1 గుర్తుందా? 300 టైముతో మొదలయ్యే పొడుగాటి లెవెల్, గుంటల మీద గుంటలు. అక్కడ జపాన్ పిల్లాడికి 120 సెకన్లు, మనకి 144. అయితే ఆ 24 సెకన్లు మారియోకి లాభం కాదు, ఎందుకంటే వాడూ అంతే నిదానంగా పరిగెత్తాడు. లాభమంతా మన వేళ్ళకే. సుత్తులు విసిరే అన్నదమ్ముల కింద దూరి పోడానికి మనకి కళ్ళెదురుగా కాస్త ఎక్కువ సమయం దొరికింది. ఇప్పుడు స్విచ్‌లో ఆ సమయం లేదు. మీ చేతికి ముప్ఫై ఏళ్ళ కిందటి కొలత అలవాటై ఉంది, అందుకే మొదటి గూంబా మీదకి ఆలస్యంగా ఎగిరి చచ్చారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. యూరప్ టీవీలు కూడా మనలాగే 50 బొమ్మలవే. 1987లో అక్కడ అమ్మిన మారియో క్యాసెట్‌లో నింటెండో వాళ్ళు లెక్కలు సరిచేసి, ఒక్కో బొమ్మకి మారియో ఇంకాస్త ఎక్కువ జరిగేట్టు చేశారు. మనకొచ్చినవి ఆ క్యాసెట్లు కావు. మనకొచ్చినవి 60 బొమ్మల కోడ్‌కి కాపీలు, అవి నడిచింది 50 బొమ్మల క్లోన్ (నకలు) మెషీన్లలో. అంటే జపాన్ మారియో మనది కాదు, యూరప్ మారియో మనది కాదు. నింటెండో అధికారికంగా ఎక్కడా అమ్మని మూడో మారియోతో మనం పెరిగాం. నా దృష్టిలో అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన వెర్షనే.

పాట సంగతికొస్తే ఇంకా తమాషా. మన క్లోన్లలో చాలావాటి చిప్పు వేగం అసలు ఫామికామ్ చిప్పు వేగానికి దాదాపు సమానం, సుమారు 1.77 మెగాహెర్ట్జ్. జపాన్‌ది 1.79. స్వరం ఎత్తు ఈ చిప్పు వేగాన్ని బట్టి ఉంటుంది, స్వరాలు ఎంత తొందరగా మారాలన్నది టీవీ బొమ్మని బట్టి ఉంటుంది. కాబట్టి శ్రుతి అదే, లయ మాత్రం నెమ్మది. క్యాసెట్ రికార్డర్‌లో బ్యాటరీ అయిపోతే పాట సాగి గొంతు బండబారుతుంది చూశారా, అలా కాలేదు. పాటగాడు అదే గొంతుతో తాపీగా పాడినట్టు అయింది. అందుకే మనకి తేడాగా అనిపించలేదు.

ఇంకోటి కూడా ఉంది. ఆ మెషీన్ శబ్దంలో పల్స్ ఛానెళ్ళు అని రెండుంటాయి, రాగం ఎక్కువగా వాటి మీదే నడుస్తుంది. ఒక్కో స్వరం నిండుగా వినపడాలా, ముక్కుతో పాడినట్టు వినపడాలా అన్నది డ్యూటీ అనే సెట్టింగుతో నిర్ణయిస్తారు. క్లోన్ చిప్పుల్లో చాలావాటిలో ఈ సెట్టింగు అటూ ఇటూ అయిపోయింది. 25 శాతం ఉండాల్సిన చోట 50, 50 ఉండాల్సిన చోట 25. అంటే మీకు స్విచ్‌లో పాట "తొందరగా పోతోంది" అనిపించడం ఒకటే కాదు, గొంతు కూడా వేరేగా వినిపించి ఉంటుంది. ఒకసారి కళ్ళు మూసుకుని వినండి.

మరి క్యాసెట్‌లో గేమ్ కూడా మార్చారా అని కొందరు అడుగుతుంటారు. మన దగ్గర దొరికిన 64 ఇన్ 1 లాంటి వాటిలో ఒకే మారియోని నాలుగైదు పేర్లతో పెట్టి, ఒక్కోటి ఒక్కో లెవెల్ నుంచి మొదలయ్యేట్టు చేసేవాళ్ళు. అంతకుమించి లోపల గేమ్ అదే. దానికి నేను చూసే గుర్తు టపాసులు. లెవెల్ చివర జెండా పట్టుకున్నప్పుడు టైములో ఆఖరి అంకె 1 అయితే ఒక టపాసు, 3 అయితే మూడు, 6 అయితే ఆరు పేలతాయి. జపాన్‌లో అయినా, మా ఊళ్ళో అయినా ఇదే లెక్క. మేము మాత్రం జెండా చివర పట్టుకుంటే టపాసులొస్తాయని చాలా ఏళ్ళు నమ్మాం. కొసకి ఎగిరితే వచ్చేది 5000 పాయింట్లు, అంతే.

మాది అసలు కందుకూరు. అప్పుడు ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. మా ఇంటి దగ్గర ఒకాయన ముందు గదిలో రెండు టీవీలు పెట్టి, అరగంటకింత అని తీసుకుని ఆడించేవాడు. మెషీన్లు, క్యాసెట్లు మద్రాసు బర్మా బజార్ నుంచి తెచ్చేవాడు. పొద్దున రైలెక్కి సాయంత్రానికి సంచితో దిగేవాడు. ఒక వేసవి సెలవుల్లో మాతో ఆడే పిల్లాడొకడు 1-2 చివర గోడలోంచి దూరిపోయాడు. పైపు దగ్గర ఇటుకలకి ఆనుకుని వెనక్కి తిరిగి ఎగిరితే శరీరం గోడలోకి ఇరుక్కుని అవతలికి జారుతుంది, ఆ పైపులోకి దిగితే వరల్డ్ (నాలుగు లెవెళ్ళ గుంపు) నంబరు ఉండాల్సిన చోట ఖాళీ ఉండి పక్కన -1 అని పడుతుంది. అది నీళ్ళ లెవెల్. చివరి పైపులోకి వెళ్తే మళ్ళీ మొదటికే వస్తుంది, అంతం లేదు. వాడు అరగంటా ఈదాడు. "ఏంది అబ్బయా, ఇంకా అయిపోలేదా?" అని ఓనరు వచ్చి చూసి, మెషీన్ పాడు చేశాడని వాడి మీద కేకలేశాడు. పాపం మెషీన్‌కి ఏమీ కాలేదు. 36 అనే నంబరున్న వరల్డ్‌కి వెళ్ళమని గేమ్ పొరపాటున చెప్పుకుంటుంది, ఆ నంబరుకి తెర మీద ఖాళీ గడి బొమ్మ ఉంది కాబట్టి -1 అని కనపడుతుంది.

ఈ -1 వెర్షన్లని గుర్తుపట్టడానికి కూడా పనికొస్తుంది. 1986లో జపాన్‌లో ఫ్లాపీ లాంటి డిస్క్ మీద వచ్చిన మారియోలో అదే దారిన వెళ్తే వేరే లోకం కనిపిస్తుంది. నీళ్ళలో రాకుమారి బొమ్మలు తేలుతుంటాయి, మూడు లెవెళ్ళుంటాయి, దాన్ని పూర్తి కూడా చేయొచ్చు. 1993లో మళ్ళీ కొత్తగా వచ్చిన ఆల్ స్టార్స్ అనే వెర్షన్‌లో ఆ దారే మూసేశారు.

ఇప్పుడు ఆ ఆల్ స్టార్స్ గురించి. ఇది సూపర్ ఫామికామ్, అంటే 16 బిట్ మెషీన్ కోసం నింటెండో వాళ్ళే మళ్ళీ గీసిన మారియో. మీ స్విచ్‌లో ఆన్‌లైన్ చందా ఉంటే అందులోనూ ఉంటుంది. చూడ్డానికి బాగుంటుంది. వెనక కొండలు, గుహలో నీడలు, మారియో తమ్ముడు లూయిజీకి సొంత రూపం అన్నీ ఉన్నాయి. అసలు గేమ్ మొత్తం 40 కిలోబైట్లు, మనకి పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే పూల బొమ్మ కంటే చిన్నది. అందులో చోటు లేక మబ్బు బొమ్మకే ఆకుపచ్చ రంగు వేసి పొదలుగా వాడుకున్నారు. కొత్త దాంట్లో మబ్బు మబ్బే, పొద పొదే. నాకు పాత పిసినారితనమే ముద్దుగా ఉంటుంది, అది నా పిచ్చి.

రంగుల కంటే పెద్ద తేడా ఇటుక దగ్గరుంది. పెద్ద మారియో ఇటుకని కింద నుంచి తలతో కొట్టినప్పుడు ఏమవుతుందో నిదానంగా గమనించండి. పాత గేమ్‌లో ఇటుక నాలుగు ముక్కలై ఎగురుతుంది, మారియో అక్కడికక్కడే కిందకి తిరుగుతాడు. తల నిజంగా దేనికో తగిలినట్టు ఉంటుంది. ఆల్ స్టార్స్‌లో ఇటుక పగిలినా మారియో పైకి పోయే ఊపు ఆగదు, ఆ ఖాళీలోంచి కాస్త పైకి పోయి అప్పుడు దిగుతాడు. ఇది కావాలని చేసింది కాదు, కోడ్‌లో పొరపాటు. కొత్తగా ఆడేవాడికి తెలియదు. కానీ మీరు 1-2లో ఇటుకలు పగలగొట్టుకుంటూ కింద వచ్చే గూంబాల మీద దిగే లెక్క వేసుకున్నారే, ఆ లెక్క తప్పుతుంది. దిగాల్సిన క్షణానికి మారియో ఇంకా గాల్లోనే ఉంటాడు. ఆల్ స్టార్స్ ఆడి "ఏదో తేడాగా ఉందబ్బా" అనేవాళ్ళలో సగం మంది ఈ ఇటుక గురించే అంటున్నారని నా నమ్మకం, వాళ్ళకి పేరు తెలియదంతే.

అయినా చిన్నపిల్లలకి ఆల్ స్టార్స్‌లో రెండు సుఖాలున్నాయి. ఒకటి, ఏ వరల్డ్ దాకా చేరితే అక్కడిదాకా సేవ్ అవుతుంది. రెండు, 4-4, 7-4 కోటల్లో దారి తప్పితే గేమ్ చెప్తుంది. ఆ కోటలు సరైన మెట్టు మీదుగా పోకపోతే మళ్ళీ మళ్ళీ అదే చోటికి తిప్పుతాయి కదా. పాత దాంట్లో తిరిగిందే తిరుగుతున్నామని తెలుసుకోడానికే పది నిమిషాలు పట్టేది. ఆల్ స్టార్స్‌లో సరైన దారిలో వెళ్తే ఒక గంట, తప్పితే ఇంకో శబ్దం వినిపిస్తుంది. 7-4 దారిని నోటు పుస్తకం వెనక పెన్సిల్‌తో గీసుకున్న బ్యాచ్ మాది, ఆ శబ్దాలు వింటే కాస్త కడుపు మండుతుంది.

గేమ్ బాయ్ కలర్ మీద 1999లో డీలక్స్ అని వచ్చింది. గేమ్‌గా చాలా ఉదారం. ఎర్ర నాణేలు వెతికే చాలెంజ్, దయ్యంతో పరుగుపందెం, మధ్యలో ఆపి సేవ్ చేసుకోవడం, జపాన్‌లో వచ్చిన కష్టమైన రెండో భాగం కూడా లోపలే ఉంది. కానీ తెర 160 బై 144 చుక్కలు. అసలు బొమ్మ 256 బై 240. అంటే మీరు చూసే లోకంలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే కనిపిస్తుంది. పరిగెత్తుతుంటే ముందున్న గుంట కనపడేసరికి కాలు అందులోనే ఉంటుంది. పైకీ కిందకీ చూడాలంటే బటన్ నొక్కి తెర జరుపుకోవాలి. గేమ్ బాగా వచ్చినవాడికి సరదా, కొత్తవాడికి హింస. 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన దాంట్లో బొమ్మనంతా నిలువునా నొక్కి చూపించారు, మారియో పొట్టివాడయ్యాడు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఎగ్జిబిషన్లలో, ఆన్‌లైన్‌లో దొరికే 400 ఇన్ 1 చేతి మెషీన్లు కొనమని ఎవరైనా చెప్తే తొందరపడకండి. నేను ఒకటి తెప్పించాను. కంపెనీ పేరు అనవసరం, అట్టపెట్టె మీద కూడా సరిగ్గా లేదు. బటన్ నొక్కిన తర్వాత మారియో ఆలోచించుకుని ఎగురుతున్నట్టు అనిపించింది. రెండు వారాలకి ఎడమ బాణం పనిచేయడం మానేసింది. ఈ గేమ్‌లో వెనక్కి పోయే పని తక్కువే గానీ, అలా ఎన్నాళ్ళు సర్దుకుంటాం.

మీ వాడికి నేనైతే స్విచ్‌లో ఉన్న పాత మారియోనే ముందు పెడతాను, ఆల్ స్టార్స్ తర్వాత. వాడికి పోల్చుకోడానికి వేరే స్పీడు గుర్తులేదు, 60 బొమ్మల మారియోనే వాడి మారియో అవుతుంది. రివైండ్ సౌకర్యం మాత్రం మొదట్లోనే చూపించకండి. గుంటలో పడ్డ ప్రతిసారీ వెనక్కి తిప్పుకుంటే వాడికి ఎగరడం రాదు, తిప్పడం వస్తుంది. బదులుగా మన కాలం చిట్కా ఒకటుంది, మీకూ తెలియకపోవచ్చు. గేమ్ ఓవర్ అయ్యాక టైటిల్ తెర మీద A బటన్ నొక్కి పట్టుకుని స్టార్ట్ కొడితే, మీరు చచ్చిన వరల్డ్ మొదటి లెవెల్ నుంచి మొదలవుతుంది. 5-3లో పోతే 5-1. ఇది 1985 నుంచీ గేమ్‌లోనే ఉంది. కందుకూరులో మాకు ఎవరూ చెప్పక, ప్రతిసారీ 1-1 నుంచే మొదలుపెట్టి డబ్బులు తగలేశాం.

టీవీలో రెండు సెట్టింగులు చూసుకోండి. గేమ్ మోడ్ ఆన్ చేయండి, లేకపోతే కొన్ని ఎల్‌ఈడీ టీవీలు బొమ్మని మెరుగుపరుస్తూ కూర్చుంటాయి, మీరు నొక్కడానికీ మారియో ఎగరడానికీ మధ్య తేడా వస్తుంది. పెట్టె టీవీలకి ఈ జబ్బు లేదు. మీరు మూడుసార్లు చావడంలో స్పీడుకి సగం, దీనికి సగం వాటా ఉంటుంది. రెండోది, బొమ్మని తెర నిండా సాగదీయకండి. పక్కన నల్లటి ఖాళీ ఉంటే ఉండనీయండి, పాత టీవీ ఆకారం 4:3 లోనే ఆడండి.

మీకు మాత్రం మీ చిన్నప్పటిదే కావాలంటే దారి ఉంది. మెసెన్ అనే ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో పాత గేమ్ మెషీన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్) రీజియన్ దగ్గర డెండీ అని ఉంటుంది. డెండీ అంటే రష్యాలో 1992 నుంచి అమ్మిన క్లోన్. అక్కడా పాల్ లాంటి 50 బొమ్మల టీవీలే, అక్కడి పిల్లలూ మనలాగే నిదానపు మారియోతో పెరిగారు. ఆ సెట్టింగు పెడితే స్పీడు మనదవుతుంది. శబ్దం సెట్టింగుల్లో పల్స్ ఛానెళ్ళ డ్యూటీని తారుమారు చేసే ఆప్షన్ కూడా ఉంది, పాత క్లోన్ల కోసమే పెట్టారు. అది కూడా టిక్ చేయండి. లాప్‌టాప్ తెర 60 బొమ్మలది కాబట్టి నడకలో చిన్న కుదుపు కనిపిస్తుంది, దానికేం చేయలేం. గేమ్ ఫైలు మీ సొంత క్యాసెట్ నుంచి తీసుకుంటే ఏ గొడవా ఉండదు.

పాత మెషీన్ మీ అటక మీద ఇంకా ఉంటే అంతకంటే మంచిది. క్యాసెట్‌లోకి నోటితో ఊదకండి, మనమందరం చేసిన తప్పే అది, ఉమ్మి తడికి పిన్నులు నల్లబడతాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. మీ టీవీకి యాంటెన్నా సాకెట్ ఉంటే అందులో పెట్టి అనలాగ్ ఛానెళ్ళు సెర్చ్ చేయండి, దొరుకుతుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త. ఇంట్లో ఉన్న ఏదో ఒక ఎలిమినేటర్ తగిలించకండి. పిన్ను లోపలిది ప్లస్సా, బయటది ప్లస్సా అన్నది మెషీన్‌కీ మెషీన్‌కీ మారుతుంది, తిరగబడితే లోపల రెగ్యులేటర్ కాలిపోతుంది. మెషీన్ వెనక వైపు, ఎలిమినేటర్ మీద లేబుల్ రెండూ ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.